గొంతునొప్పితో మొదలై గుండె వాల్వు దాకా

మా చిన్నాన్న కూతురికి ఇరవై నాలుగేళ్లు ఉన్నప్పటి సంగతి ఇది. ఆరో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. మేడ మీద ఆరేసిన బట్టలు తెస్తానని వెళ్లి, దిగేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడే సగం మెట్ల దగ్గర గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయింది. ఏమ్మా అంటే, "ఏం లేదన్నయ్యా, కాస్త ఆయాసం, ఒట్టి మనిషిని కాదు కదా" అంది. మేమూ అదే అనుకున్నాం. రక్తం తక్కువైందని పిన్ని, ఒళ్లు వచ్చిందని ఇంకొకరు. అప్పటికి రెండేళ్లుగా ఆమె బ్యాగులో ఇన్‌హేలర్ ఉంటోంది, ఎందుకంటే ఎక్కడో ఒక క్లినిక్‌లో ఆయాసం అని చెప్పగానే ఆస్తమా అని రాసిచ్చారు. ఆ రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడక, మూడు దిండ్లు వీపుకి పెట్టుకుని కూర్చునే తెల్లవార్చింది.

మర్నాడు ఆసుపత్రిలో వయసు మళ్లిన ఒక డాక్టరుగారు ఆమెను ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోమన్నారు. స్టెతస్కోపుని ఎడమ రొమ్ము కింద పెట్టి, కళ్లు మూసుకుని, ఫ్యాను కూడా ఆపించి, నిమిషం పైనే విన్నారు. లేచి మా పిన్నిని ఒకే ప్రశ్న అడిగారు: "చిన్నప్పుడు ఈ అమ్మాయికి కీళ్లు వాచాయా?" పిన్ని తడుముకోకుండా చెప్పింది. ఏడో తరగతిలో ఒకసారి మోకాలు వాచిందట, రెండ్రోజులకి అది తగ్గి చీలమండ వాచిందట, నెల రోజులు బడికి పోలేదట, ఎదిగే పిల్లల నొప్పులన్నారట. గుండెను స్కాన్ చేసే ఎకో తీస్తే, గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య తలుపులా ఉండే మైట్రల్ వాల్వు సన్నబడిపోయి ఉంది.

రెండేళ్లలో ఆమెను నలుగురైదుగురు డాక్టర్లు చూశారు. ఎక్కువమంది చున్నీ మీద నుంచే వీపున స్టెత్ ఆనించి ఊపిరితిత్తులు విని పంపించేశారు. వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. పాతికేళ్ల ఆడపిల్లకి గుండె జబ్బు ఉంటుందన్న ఊహే రాలేదు, మాకూ రాలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మన ఇళ్లలో గుండె జబ్బు అంటే కళ్లముందు కనిపించేది ఒకటే బొమ్మ: యాభై ఏళ్ల మగమనిషి, సిగరెట్టో షుగరో, బ్లాకులు, స్టెంటు. అది గుండె కండరానికి రక్తం తెచ్చే గొట్టాలకు వచ్చే జబ్బు. వాల్వు జబ్బు అది కాదు. ఇది గుండె లోపలి తలుపులకు వచ్చేది. గుండెకి నాలుగు గదులు, నాలుగు తలుపులు. ప్రతి తలుపూ ఒకవైపే తెరుచుకుంటుంది, ముందుకు వెళ్లిన రక్తాన్ని వెనక్కి రానివ్వదు. రోజుకి దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. స్టెతస్కోపులో వినిపించే లబ్ డబ్ ఈ తలుపులు మూసుకున్నప్పటి చప్పుడే. తలుపు సరిగ్గా తెరుచుకోకపోతే రక్తం ఇరుకు సందులోంచి ఒరుసుకుంటూ పోతుంది, సరిగ్గా మూసుకోకపోతే వెనక్కి కారుతుంది. రెండు చోట్లా రక్తం చప్పుడు చేస్తుంది, దాన్నే మర్మర్ అంటారు. కొలెస్ట్రాల్ నార్మల్, యాంజియోగ్రామ్ నార్మల్, అయినా వాల్వు పాడై ఉండొచ్చు. ఒక పరీక్ష బాగుందని రెండోదాని గురించి నిశ్చింతగా ఉండటానికి లేదు.

పాతికేళ్లకే ఈ తలుపు ఎందుకు పాడవుతుంది? కొందరికి పుట్టుకతోనే తేడా ఉంటుంది, దాని గురించి తర్వాత చెబుతాను. మన దేశంలో యువత విషయంలో మాత్రం ముందుగా అనుమానించాల్సింది రుమాటిక్ గుండె జబ్బునే, దాని మొదలు గొంతులో ఉంటుంది.

గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల పిల్లలకి గొంతునొప్పి వస్తుంది. ఎక్కువగా ఐదు నుంచి పదిహేనేళ్ల మధ్య. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇళ్లలో, కిక్కిరిసిన హాస్టళ్లలో ఇది ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా పాకుతుంది. గొంతు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది, అందరూ మర్చిపోతారు. కానీ కొద్దిమంది పిల్లల్లో, ఆ బ్యాక్టీరియాతో పోరాడటానికి ఒంట్లో తయారైన రక్షణ వ్యవస్థ, రెండు మూడు వారాల తర్వాత సొంత కణజాలాన్నే శత్రువనుకుని దాడి చేస్తుంది. బ్యాక్టీరియా పైపొరలో ఉన్న పదార్థాలకీ మన గుండెలోని కొన్ని ప్రోటీన్లకీ పోలిక ఉండటమే ఈ పొరపాటుకు మూలం. జ్వరం వస్తుంది, పెద్ద కీళ్లు వాస్తాయి, ఆ వాపు ఒకచోట నిలవదు, మోకాలి నుంచి చీలమండకి, అక్కడి నుంచి మోచేతికి తిరుగుతుంది. నొప్పి మాత్ర వేస్తే ఇట్టే తగ్గుతుంది. కీలుకి ఏ వంకరా రాదు. దీన్నే రుమాటిక్ జ్వరం అంటారు. ఈ జ్వరం కీళ్లను నాకి వదిలేస్తుంది, గుండెను మాత్రం కరుస్తుంది అని వైద్య విద్యార్థులకి తరతరాలుగా చెబుతూ వస్తున్నారు. నాకిన చోటు నొప్పి పెడుతుంది కాబట్టి అందరూ అదే చూస్తారు, కరిచిన చోటు అప్పటికి ఏ బాధా పెట్టకపోవచ్చు.

అది మళ్లీ మళ్లీ రావడం వల్లే అసలు నష్టం. ఒకసారి వచ్చిన పిల్లకి ఇంకో స్ట్రెప్ గొంతునొప్పి వస్తే జ్వరం తిరగబెట్టే అవకాశం ఎక్కువ, వచ్చిన ప్రతిసారీ వాల్వు ఇంకాస్త మందమవుతుంది, దాని రెక్కల అంచులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండు రెక్కల తలుపుకి రంగు వేసి, ఆరకముందే మూసేస్తే ఎలా పట్టేస్తుందో అలా. మామూలుగా మైట్రల్ వాల్వు తెరుచుకుంటే 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల దారి ఉంటుంది. 1.5 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం అంటారు. మా చెల్లిది 0.9.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో ఈ జ్వరానికీ వాల్వు మూసుకుపోవడానికీ మధ్య ఇరవై ముప్ఫై ఏళ్లు పడుతుందని రాసేవారు. మన దగ్గర అలా లేదని, ఇరవై ఏళ్లు నిండకుండానే తీవ్రంగా సన్నబడిన వాల్వులతో పిల్లలు వస్తున్నారని 1963లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఆ వ్యాసం రాసినవాళ్లలో ఉలిమిరి రామలింగస్వామి గారొకరు, శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన మనవారు. అరవై ఏళ్లు దాటింది. ధనిక దేశాల్లో ఈ జబ్బు దాదాపు కనుమరుగైంది, ఇళ్లు విశాలమయ్యాయి, గొంతునొప్పికి సకాలంలో పెనిసిలిన్ అందింది. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికీ నాలుగు కోట్ల మందికి పైగా దీంతో బతుకుతున్నారు, వాళ్లలో ఎక్కువమంది మనలాంటి దేశాల్లోని పేదింటి వాళ్లే, అందులోనూ ఆడవాళ్లు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సభ దీని మీద తీర్మానం చేసింది 2018లో. నాకు ఈ ఆలస్యం చాలా బాధనిపిస్తుంది.

ఇన్నేళ్లు లోపల జబ్బు ఉండి బయటికి ఎందుకు తెలియదు? సన్నబడిన మైట్రల్ వాల్వు గుండా రక్తం కింది గదిలోకి దిగడానికి సమయం కావాలి. నిదానంగా కొట్టుకుంటున్నప్పుడు ఆ సమయం సరిపోతుంది. మెట్లెక్కితే, జ్వరమొస్తే, టెన్షన్ పడితే గుండె వేగం పెరుగుతుంది, రెండు దెబ్బల మధ్య విరామం తగ్గుతుంది, దిగని రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అదే ఆయాసం. కూర్చుంటే మళ్లీ మామూలే. కాబట్టి మనిషి తెలియకుండానే పనులు తగ్గించుకుంటుంది. లిఫ్టు ఎక్కుతుంది, బిందె బదులు చెంబుతో మోస్తుంది, పెళ్లిళ్లకి రానంటుంది. "ఆయాసం ఉందా?" అని అడిగితే లేదనే అంటుంది, ఆయాసం వచ్చే పనేదీ చెయ్యట్లేదు మరి. అడగాల్సిన ప్రశ్న అది కాదు. "పోయినేడాది చేసి, ఈ ఏడాది మానేసిన పని ఏది?" అని అడగండి. మా చెల్లిని అలా అడిగి ఉంటే, గుడి మెట్లెక్కడం ఎప్పుడో మానేశానని చెప్పేది.

ఇక గర్భం. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. ఇరుకు తలుపు మీద ఈ రెండూ ఒకేసారి పడతాయి. అంతవరకూ ఏ ఇబ్బందీ లేని అమ్మాయి ఐదారు నెలలకల్లా ఊపిరాడక ఆసుపత్రికి రావడం, అక్కడ మొట్టమొదటిసారి వాల్వు జబ్బు బయటపడటం మన ప్రసూతి వార్డుల్లో పాత కథే. కాస్త ఆయాసం ఏ గర్భిణికైనా ఉంటుంది. కానీ పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గరికి పోవడం, దగ్గితే గులాబీ రంగు నురగ పడటం మామూలు కాదు. తెల్లవారేదాకా ఆగకూడదు.

ఎకో రిపోర్టు గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దాన్ని చూసి అక్కర్లేని వాళ్లు భయపడతారు, భయపడాల్సిన వాళ్లు ధైర్యంగా ఉంటారు. ఎంఎస్, ఏఎస్ అంటే మైట్రల్ వాల్వు, గుండె నుంచి పెద్ద ధమనిలోకి తెరుచుకునే అయోర్టిక్ వాల్వు సన్నబడటం. ఎంఆర్, ఏఆర్ అంటే ఆ వాల్వుల లీకు, టీఆర్ అంటే గుండె కుడివైపున్న ట్రైకస్పిడ్ వాల్వు లీకు. "ట్రివియల్ ఎంఆర్", "మైల్డ్ టీఆర్" అని చాలామంది ఆరోగ్యవంతుల రిపోర్టుల్లో కూడా ఉంటుంది, వాల్వు రూపం బాగున్నంత వరకు దానికి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. రెండోది, ఈఎఫ్. గుండె ఎంత బలంగా రక్తాన్ని తోస్తోందో చెప్పే అంకె. "ఈఎఫ్ అరవై ఉంది, గుండె భేషుగ్గా ఉంది" అని సంబరపడిపోతారు. మైట్రల్ వాల్వు బాగా సన్నబడినవాళ్లలో కూడా ఈఎఫ్ అరవై ఉండొచ్చు. పంపు మంచిదే, తలుపే తెరుచుకోవట్లేదు. రిపోర్టులో చూడాల్సింది వాల్వు వైశాల్యం, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి, ఎడమ పై గది ఎంత సాగిందన్నది. ఆ పై గది సాగిపోతే గుండె లయ తప్పి అదురుతుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకి చేరితే పక్షవాతం. ముప్ఫై ఏళ్ల మనిషికి మూతి వంకర పోయి చెయ్యి పడిపోతే ఎకో తప్పకుండా తీయించాలి.

మా చెల్లికి బెలూన్ వేశారు. తొడ దగ్గరి సిర గుండా సన్నని గొట్టం పంపి, గుండె పై గదుల మధ్య గోడకి చిన్న రంధ్రం చేసి, అవతలికి వెళ్లి, అతుక్కున్న రెక్కల మధ్య బెలూన్‌ని ఉబ్బిస్తారు. అంచులు విడిపోతాయి. జపాన్ సర్జన్ కాంజి ఇనౌయే 1980ల మొదట్లో తయారుచేసిన పద్ధతి ఇది. ఆ బెలూన్ ముందు ఒక చివర, తర్వాత రెండో చివర ఉబ్బి, నడుము సన్నని డమరుకంలా మారి వాల్వులో కుదురుకుంటుంది, ఆ తర్వాత నడుమూ ఉబ్బుతుంది. కడుపులో బిడ్డకి ఎక్స్‌రే తగలకుండా పొట్టకి సీసపు కవచం కట్టారు. 0.9 ఉన్న దారి 1.8 అయ్యింది. ఆ రాత్రి ఒక్క దిండు మీద పడుకుంది. అయితే అందరికీ బెలూన్ కుదరదు. లీకు ఎక్కువగా ఉన్నా, పై గదిలో రక్తపు గడ్డ ఉన్నా, వాల్వు సున్నం పట్టి గట్టిపడినా కష్టమే. కుదిరినవాళ్లకి కూడా కొన్నేళ్ల తర్వాత మళ్లీ సన్నబడొచ్చు.

బెలూన్ కుదరని చోట ఆపరేషన్. రిపేరు చేయగలిగితే రిపేరే మేలు. మార్చాల్సి వస్తే పాతికేళ్ల మనిషి ముందు రెండు దారులుంటాయి, రెండూ కష్టమైనవే. జంతు కణజాలంతో చేసిన వాల్వు అయితే జీవితాంతం రక్తం పలచబరిచే మందు అక్కర్లేదు, కానీ చిన్న వయసులో అది త్వరగా అరుగుతుంది, పది పదిహేనేళ్లలో ఇంకో ఆపరేషన్‌కి సిద్ధపడాలి. లోహపు వాల్వు అరగదు, కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినంత కాలం మాత్ర వేసుకోవాలి. ఒకప్పుడు ఈ లోహపు వాల్వులన్నీ విదేశాల నుంచే వచ్చేవి, సామాన్యులకి అందేవి కావు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియథాన్ నాయకత్వంలో ఏళ్ల తరబడి శ్రమించి, నమూనాలు ఒకదాని తర్వాత ఒకటి విఫలమైనా వదలకుండా, మన దేశపు వాల్వు తయారుచేశారు. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. ఇప్పటికి లక్షమందికి పైగా గుండెల్లో అది పనిచేసింది. మన రాష్ట్రాల్లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక వాల్వు ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే అవసరం చాలా ఇళ్లకి తప్పింది.

లోహపు వాల్వు ఉన్నవాళ్లకి ఆపరేషన్ అయిపోగానే పని అయిపోదు. వార్ఫరిన్ గానీ, మన దగ్గర ఎక్కువగా రాసే ఎసిట్రోమ్ గానీ రోజూ ఒకే వేళకి వేసుకోవాలి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకోవాలి. మైట్రల్ చోట పెట్టిన వాల్వుకి మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. తక్కువైతే వాల్వు మీద గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. ఆకుకూరలు పూర్తిగా మానేయమని పక్కింటివాళ్లు చెబుతారు, అది తప్పు. తోటకూర, పాలకూరల్లో విటమిన్ కె ఎక్కువ, అది మందుకి ఎదురు పనిచేస్తుంది, నిజమే. అందుకే వారమంతా ముట్టకుండా ఆదివారం గిన్నెడు తినడం కాకుండా, రోజూ కొద్దికొద్దిగా ఒకే మోతాదులో తినాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్, పసరు మందులు ఐఎన్ఆర్‌ని తలకిందులు చేస్తాయి. కొత్త రకం రక్తం పలచబరిచే మాత్రలకు పరీక్ష అక్కర్లేదని విని మారిపోతానంటారు కొందరు. లోహపు వాల్వు ఉన్నవాళ్ల మీద వాటిలో ఒకదాన్ని ప్రయత్నించి చూస్తే గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువైంది, 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. వాళ్లకి పాత మందే గతి.

రాత్రి నిశ్శబ్దంలో ఆ వాల్వు టిక్కు టిక్కుమని వినిపిస్తుంది, పక్కన పడుకున్నవాళ్లకి కూడా. ఆ చప్పుడు మందగించినా, ఆగినా, తోడుగా ఆయాసం వచ్చినా వాల్వు పట్టేసిందేమో అని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పన్ను పీకించుకోవాలని సొంతంగా మాత్ర ఆపేసినవాళ్లు, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందని ఎవరికీ చెప్పకుండా ఆపేసిన అమ్మాయిలు ఇలాగే వస్తారు. పంటి వైద్యుడికి ముందే వాల్వు సంగతి చెబితే, నోటిలోని బ్యాక్టీరియా వాల్వుకి పట్టకుండా పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ ఇస్తారు.

ఇక పెళ్లి. దాచిపెడతారు. నేను చూసిన వాటిలో నా మనసుని బాగా కలచివేసింది ఇదే. లోహపు వాల్వు ఉన్న అమ్మాయి గర్భం దాల్చితే మొదటి మూడు నెలల్లో వార్ఫరిన్ బిడ్డకి హాని చేయవచ్చు, దాన్ని ఆపి, రక్తం పలచబరిచే హెపారిన్ ఇంజెక్షన్లకి మారితే వాల్వు మీద గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గర్భం రాకముందే కార్డియాలజిస్టుతోనూ గైనకాలజిస్టుతోనూ కూర్చుని ఏం చేయాలో నిర్ణయించుకోవాల్సిన విషయం ఇది. ఏ వాల్వు పెట్టించుకోవాలన్నది కూడా పిల్లల సంగతి ఆలోచించుకునే తేల్చుకోవాలి. అత్తింట్లో తెలుస్తుందని మాత్ర వేసుకోవడానికి బాత్రూమ్‌లో దాక్కోవాల్సి వస్తే, అది ఆ పిల్ల ప్రాణంతో చెలగాటమే.

రుమాటిక్ జ్వరం వచ్చినవాళ్లకి ఇచ్చే పెనిసిలిన్ ఇంజెక్షన్ విషయంలోనూ భయమే అడ్డొస్తుంది. మనవాళ్లు పెనిడ్యూర్ అంటారు. సాధారణంగా పెద్దవాళ్లకి 12 లక్షల యూనిట్లు, మన దగ్గర 21 రోజులకోసారి. ఇది పాడైన వాల్వుని బాగుచేయదు, ఇంకో దాడి రాకుండా కాపాడుతుంది. గుండెకి సోకనివాళ్లకి ఐదేళ్లు లేదా 21 ఏళ్ల వయసు దాకా, ఏది తర్వాతైతే అది. వాల్వు పాడైనవాళ్లకి కనీసం పదేళ్లు లేదా నలభై ఏళ్ల వయసు దాకా, కొందరికి జీవితాంతం. విపరీతంగా నొప్పి పుడుతుంది, రెండ్రోజులు సరిగ్గా కూర్చోలేరు. రియాక్షన్ వస్తుందన్న భయంతో చాలా క్లినిక్‌లలో ఇవ్వమంటారు. నిజంగా ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్ చాలా అరుదు, తగిన ఏర్పాట్లున్న చోట ఇప్పించుకోవచ్చు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు ఇంకొకటి జరుగుతుంటుంది. పిల్లాడికి కాళ్లు నొప్పులంటే ఏఎస్ఓ అనే రక్తపరీక్ష చేసి, అంకె ఎక్కువుందని ఏళ్ల తరబడి ఈ ఇంజెక్షన్లు పొడిచేస్తారు. ఏఎస్ఓ ఎక్కువుంటే ఈమధ్య స్ట్రెప్ సోకిందని అర్థం, అంతే. జబ్బు ఉందో లేదో తేల్చాల్సింది లక్షణాలూ ఎకో కలిపి చూసే డాక్టరు.

పుట్టుకతో వచ్చే వాటిలో ముఖ్యమైంది రెండు రెక్కల అయోర్టిక్ వాల్వు. అక్కడ మూడు రెక్కలుండాలి. నూటికి ఒకరిద్దరికి రెండే ఉంటాయి, మగవాళ్లలో ఎక్కువ. చాలామందికి నడివయసు దాకా ఏమీ తెలియదు, కొందరికి మాత్రం చిన్న వయసులోనే లీకవుతుంది లేదా సన్నబడుతుంది. దాని పైనున్న పెద్ద ధమని కూడా ఉబ్బవచ్చు, అందుకే జిమ్‌లో భారీ బరువులు ఎత్తే ముందు డాక్టరుని అడగాలి. పరుగెత్తుతూ కళ్లు తిరిగి పడిపోతే, దాన్ని ఎండదెబ్బ అని తీసిపారేయకూడదు. ఇంట్లో ఒకరికి ఇది బయటపడితే తల్లిదండ్రులూ తోబుట్టువులూ పిల్లలూ ఒక్కసారి ఎకో తీయించుకోవడం మంచిది. మైట్రల్ వాల్వు ప్రొలాప్స్, అంటే మూసుకునేటప్పుడు దాని రెక్క వెనక్కి ఉబ్బడం, అని రిపోర్టులో ఉందని కంగారుపడే వాళ్లకి ఒక మాట: లీకు పెద్దగా లేకపోతే అది చాలామందిని జీవితాంతం ఏమీ చెయ్యదు, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలు.

మళ్లీ గొంతు దగ్గరికే వస్తాను. ప్రతి జలుబుకీ యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఎక్కువ గొంతునొప్పులు వైరస్‌వే. కానీ దగ్గు లేకుండా, ముక్కు కారకుండా, హఠాత్తుగా జ్వరమొచ్చి, మింగుడు పడక, టాన్సిల్స్ మీద తెల్లగా చీము కనిపించి, దవడ కింద గడ్డలు ముట్టుకుంటే నొప్పి పుడుతుంటే అది స్ట్రెప్ కావచ్చు. తొమ్మిది రోజుల్లోపు సరైన మందు మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. పది రోజుల కోర్సు అంటే పది రోజులూ వేయాలి, మూడో రోజుకి తగ్గిందని ఆపేయకూడదు.

మా చెల్లికి ఇప్పుడు ముప్ఫై. అప్పుడు కడుపులో ఉన్న పాపకి ఐదేళ్లు. పోయిన నెల పాపకి జ్వరం వచ్చిన సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నోరు తెరవమని, స్పూను వెనక వైపుతో నాలుక అదిమి, ఫోను టార్చి వేసి చూసింది. తర్వాత డాక్టరుగారికి ఫోన్ చేసి, "దగ్గు లేదండీ, ముక్కు కారట్లేదు, ఉమ్మి కూడా మింగలేకపోతోంది, కుడి టాన్సిల్ మీద తెల్లగా ఉంది, ఇప్పుడే తీసుకొస్తున్నా" అంది. పదో రోజు సిరప్ సీసా చూపించమంటే, అడుగున ఒక్క చుక్క లేకుండా కడిగి పెట్టి ఉంది.